నడిపినవాడే ఎత్తాలి

సుందరం సారు వస్తున్నాడంటే ముందు ఈల వినిపించేది, ఆ వెనక ఎడమకాలి చెప్పు నేలను గీరే చప్పుడు. ఆ కాలికి మూడు వేళ్ళు లేవు. వేళ్ళు లేని డ్రిల్లు మాస్టరు ఇంకెక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు, ఆదోనిలో మాత్రం మా ఒక్క బడికే ఆ భాగ్యం. నేను అదే బడిలో తెలుగు చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో ఏళ్ళ తరబడి ఆయన పక్క కుర్చీ నాది. ఆయన గురించి చెప్పవలసినవాళ్ళు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. శ్రీవిద్య టీచరు నోరు మంచిది కాదని ఊళ్ళో పేరుంది. ఆ పేరు పోగొట్టుకోవాలని నాకేమీ లేదు.

వేళ్ళు ఎలా పోయాయి సార్ అని పిల్లలు అడిగితే తరగతికొక కథ చెప్పేవాడు. ఆరో తరగతికి శ్రీశైలం డ్యాములో మొసలి కొరికింది. ఏడో తరగతికి అహోబిలం కొండల్లో చిరుత ఎత్తుకుపోయింది. ఒకసారి రెండు తరగతులూ కలిసి నిలదీశాయి. "మొసలి కొరికినేవి రెండు, చిరుత ఎత్తకపోయింది ఒకటి. లెక్క సరిపాయ కదప్పా" అన్నాడు, మొహంలో నవ్వు కూడా లేకుండా.

ఆయనది బద్వేలు వైపు పల్లె. తండ్రి ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజులు కూలికి పోయేవాడు. సుందరం సారుకు పిల్లలు లేరు. "బడి పిల్లలందరూ మీ పిల్లలే కదా సార్" అని ఎవరైనా తియ్యగా అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "నా పిల్లోళ్ళు కాదప్పా. వాళ్ళమ్మా నాయనోళ్ళ పిల్లోళ్ళు. పొద్దున ఎట్ల వచ్చినోళ్ళను సాయంత్రం అట్లే ఇంటికి పంపియ్యాల. అంతే నా పని" అనేవాడు. ఇంతకంటే పెద్ద మాట ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆ పని మాత్రం పట్టుదలగా చేసేవాడు. ఇనపగుండు విసిరే పోటీలో విసిరినవాడే వెళ్ళి గుండు తెచ్చుకోవాలి. అందించడానికి చిన్నపిల్లలు అవతల నిలబడితే ఈల ఊది తరిమేవాడు. ఒక్కొక్కడూ అంత దూరం నడిచి వెళ్ళి, గుండు మోసుకుని వచ్చేసరికి స్పోర్ట్స్ డే కాస్తా చీకటిపడేదాకా సాగేది. ముఖ్య అతిథులు ఆవలించేవాళ్ళు. మాకందరికీ అది చాదస్తంగానే కనిపించేది.

మా బడి యజమాని గంగాధరం శెట్టి. పత్తి జిన్నింగు మిల్లూ ఆయనదే, బడీ ఆయనదే. రెండింటినీ ఒకే చేత్తో నడిపేవాడు, అదే చిక్కు. కొడుకు తేజేశ్వర్ బెంగళూరులో ఇంజనీరింగు చదివి, చదువుతో పాటు ఒక కొత్త సరదా కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. పెట్రోలుతో నడిచే రిమోటు కార్లు. బొమ్మలని తేలిగ్గా అనుకోకండి. మూరెడు పొడవుంటాయి, మోటారు సైకిలుతో సమానంగా పోతాయి, గట్టుకు తగిలితే గాల్లోకి లేచి మనిషి నడుమెత్తున ఎగురుతాయి. కర్నూలు, బళ్ళారి, ప్రొద్దుటూరు నుంచి అతని లాంటి షావుకార్ల కొడుకులు కార్లు పట్టుకొచ్చేవాళ్ళు. పత్తి రాని నెలల్లో మిల్లు ముందు సిమెంటు నేలంతా ఖాళీ. అక్కడ పాత టైర్లు, ఇసుక మూటలు పేర్చి దారి చేసి, దసరా తర్వాతి ఆదివారం పందెం పెట్టారు. అది రెండువేల ఆరో సంవత్సరం.

పందెంలో కార్లు మాటిమాటికీ బోర్లాపడతాయి. నడిపేవాళ్ళు ఎత్తు బల్ల మీద రిమోట్లు పట్టుకుని నిలబడి ఉంటారు, దిగిరాలేరు. పడిన కారును మిగతా కార్ల మధ్యకు ఉరికి వెళ్ళి ఎవరో ఒకరు తిప్పి పెట్టాలి. ఆ పని చేసేవాణ్ణి మార్షల్ అంటారట. పేరు గొప్పగానే ఉంది. ఆ గొప్ప పనికి మా బడి పిల్లల్ని పంపాలని శెట్టిగారు నిర్ణయించి, మమ్మల్నందరినీ ఆఫీసు గదిలోకి పిలిచారు. తేజేశ్వర్ కూడా వచ్చాడు.

సుందరం సారు అతన్నే అడిగాడు. "బెంగళూరులో ఎవురు ఎత్తుతారప్పా?"

"మేమే సార్. ఒక పందెంలో నడిపినోళ్ళు తర్వాత పందెంలో మార్షల్‌గా నిలబడాల. అది రూలు" అన్నాడు తేజేశ్వర్. పిల్లవాడు అబద్ధం ఆడలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"మరి ఈడ?"

"ఈడ ఎండ ఎక్కువ సార్."

గదిలో ఎవరూ నవ్వలేదు, అది హాస్యం కాదు గనుక. షావుకార్ల కొడుకులకు తగిలే ఎండ మా పిల్లలకు తగలదని అందరికీ అర్థమైంది. అప్పుడు సుందరం సారు తన వేళ్ళ సంగతి చెప్పాడు.

వాళ్ళ ఊళ్ళో ఏటా ఎద్దులతో బండలాగుడు పందెం. ఎద్దుల ముందర గులకరాళ్ళు ఏరే పనికి చిన్నప్పుడు ఈయన్ని పెట్టారు. ఎగిరి గంతేశాడు. పందెం ఎద్దుల ముందు పరిగెత్తడమంటే ఆ వయసులో అంతకంటే ఏం కావాలి. ఒక రాయి నేలలో బిగుసుకుపోయింది. దాన్ని పెకలించబోయి కాలు బండ కింద పెట్టాడు. "నిలపండి నిలపండి అని మా నాయన అరిసినాడు. నిలపలేదు. పందెం టైము నడస్తాండాదని. బండ నా కాలి మీంద పోయినాక కూడా చివరి దాంక లాగిచ్చినారు. గెలిచినారు కూడా. పిల్లోడు బిరీన తప్పుకోకపాయ, తప్పు వానిదే అన్నారు" అని చెప్పి, గంగాధరం శెట్టి వైపు తిరిగి, "పందెం ఆడేటోనికి పందెం తప్ప ఏమీ కనపడదు సార్. వాన్ని తప్పుబట్టి లాభం లేదు. పిల్లోళ్ళనే ఆడికి పంపీకూడదు" అన్నాడు.

శెట్టిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మొన్న మొసలి కదా అంటివి సుందరం" అన్నారు.

ఈసారి గది గదంతా నవ్వింది. ఇన్నేళ్ళు పిల్లల కోసం అల్లిన కథలు ఆ పూట ఆయన గొంతుకే చుట్టుకున్నాయి. అంత మంచి పనైతే మీ ఇంటి పిల్లల్నే నిలబెట్టండి అన్నాను నేను. తెలుగు టీచరుకు కార్ల సంగతి ఏం తెలుసన్నారు. బయటికొచ్చాక లెక్కల మాస్టరు సోమన్న, "కందకు లేని దురద కత్తిపీటకేల సార్? పిల్లోళ్ళ తల్లిదండ్రులే ఒప్పుకుంటాండారు" అని సుందరం సారుకు బుద్ధి చెప్పాడు. సోమన్న జీవితంలో ఎవరికీ అడ్డు చెప్పలేదు. అందుకే ఇప్పుడు మా బడికి హెడ్మాస్టరు.

తల్లిదండ్రులు ఒప్పుకున్న మాట నిజమే. ఏ తల్లిదండ్రులు అన్నది అడగాలి. వ్యానులో వచ్చే పిల్లల్లో ఒక్కరిని కూడా ఎంచలేదు. నడిచి వచ్చేవాళ్ళు, మిల్లులో పత్తి ఊడ్చే కూలీల పిల్లలు, శెట్టిగారి దయతో ఫీజు తగ్గించుకున్నవాళ్ళు, వాళ్ళే ఉరకడంలో చురుకైనవాళ్ళని తేలింది. తలా ఒక పసుపు టీషర్టు, మధ్యాహ్నం చిత్రాన్నం పొట్లం, ఒక కూల్‌డ్రింకు. పిల్లలు ఆ టీషర్టులు వేసుకుని ముందురోజు సాయంత్రమే వీధుల్లో తిరిగారు. వాళ్ళకు కోపం రావాలని మనం కోరుకోకూడదు.

అందులో ఆరాధన ఒకతె. ఏడో తరగతి. తల్లి ఏసుమణి మిల్లులోనే కూలి. సుందరం సారు చేతిలో తయారైన పరుగు ఆ పిల్లది, జిల్లా పోటీలకు పంపాలని ఆయన ఆశ. పిల్లలు వెళ్ళక తప్పదని తేలాక తానూ వస్తానని, లోపలే ఉంటానని ఆయన పట్టుబట్టాడు. ఈల మెళ్ళో వేసుకుని, పిల్లలందరికీ బూట్లు ఉన్నాయో లేదో చూసి, లేనివాళ్ళకు ఇతరుల దగ్గర అడిగి ఇప్పించి, తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

పందెం మొదలుపెట్టే ముందు కార్లకు పూజ చేశారు. మా ఊళ్ళో ఇనుముతో చేసినదేదైనా పూజ లేకుండా కదలదు. చిట్టి చిట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ప్రతి కారు ముందు పసుపు, కుంకుమ. శెట్టిగారి తల్లి పెద్దవ్వ షామియానా కింద కుర్చీలో కూర్చుని స్వయంగా హారతి ఇప్పించింది.

రెండో పందెంలో అనుకుంటాను, ఒక కారు బోర్లాపడితే ఆరాధన ఉరికి వెళ్ళి ఆగబోయింది. ఆ ఊపులో బూటు కాలు కారుకు తగిలింది. తిప్పి పెట్టి, వచ్చి తన చోట నిలబడింది. పందెం అయ్యాక పెద్దవ్వ ఆ పిల్లను దగ్గరికి పిలిపించింది.

"పూజ చేసిన బండికి కాలు తగిలిస్తివే పాపా. కండ్లకద్దుకోవాలని మీ ఇంట్లో నేర్పియ్యలేదా?"

ఆరాధన తలవంచుకుంది. గేటు దగ్గర నిలబడిన ఏసుమణి పరుగున వచ్చింది. "తెలీక చేసింది అవ్వా. ఇంగ చెయ్యదు" అని, కూతురి వీపు మీద చిన్నగా ఒకటి వేసి, "కండ్లకద్దుకో" అంది. ఆదివారం చర్చిలో పాడే పిల్ల, కారును తాకి కళ్ళకద్దుకుంది. షామియానా కింద నలుగురు మెచ్చుకున్నారు. పెద్దవ్వ మనసు చెడ్డదని నేననను. పుస్తకానికి కాలు తగిలితే మనం అందరం చేసే పనే అది. కాని మన పుస్తకాల మీదుగా కార్లు దూకవు.

మధ్యాహ్నం పందెంలో మలుపు దగ్గర రెండు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని పడ్డాయి. ఆరాధన వెళ్ళింది. ఒకదాన్ని తిప్పి పెట్టింది. రెండోదాన్ని తిప్పుతుంటే మళ్ళీ కాలు తగిలింది. ఆ పిల్ల ఆగింది. పొద్దున నేర్పిన పాఠం మరచిపోలేదు. వంగి, కారును వేళ్ళతో తాకి, కళ్ళు మూసుకుని, కళ్ళకద్దుకుంది. సుందరం సారు ఆ చివర నుంచి ఈల ఊదుతూనే ఉన్నాడు. అంత మోటారు చప్పుళ్ళలో ఈల ఎవరికి వినిపిస్తుంది. గట్టు మీద నుంచి ఎగిరిన ఇంకో కారు వచ్చి ఆ వంగిన ముఖానికి తగిలింది.

ఆయన కాలు ఈడ్చుకుంటూ, పోతున్న కార్ల మధ్య నుంచే అడ్డంగా పరిగెత్తాడు. పిల్లను ఎత్తుకున్నాక కూడా మిగిలిన కార్లు ఆగలేదు. ఇంకొక చుట్టు వేసి ఆగాయి. మిల్లు జీపులో కర్నూలు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఎడమ కన్ను దక్కలేదు.

ఖర్చులన్నీ శెట్టిగారు పెట్టుకున్నారు, ఆ మాట ఊరంతా చెప్పుకుంది. తక్కిన మాటలు కూడా చెప్పుకుంది. తల వంచమని ఎవరు చెప్పారన్నారు. పందెం నడుస్తుంటే మొక్కులేమిటన్నారు. పెద్దవ్వ నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే, "దండం పెట్టేటప్పుడే అట్లయిందంటే ఆ పిల్ల రాత" అంది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. సోమవారం ప్రార్థన దగ్గర సోమన్న నిలబడి, ఇకమీదట మార్షల్‌గా వెళ్ళే పిల్లలు కార్లకు కాళ్ళు తగలకుండా జాగ్రత్తగా మెలగాలని ప్రకటించాడు. ఒక పిల్ల కన్ను పోయాక మా బడి నేర్చుకున్నది అంతే.

వేసవిలో మళ్ళీ పందెం అన్నారు. ఈసారి పిల్లలకు ప్లాస్టిక్ కళ్ళద్దాలు ఇస్తారట. సుందరం సారు శెట్టిగారి ఇంటికి వెళ్ళాడు. నన్నూ తోడు రమ్మన్నాడు.

"నడిపేటోళ్ళనే ఎత్తుకోమనండి సార్. మీ అబ్బి చెప్పిన రూలే" అన్నాడు.

"వాళ్ళు అతిథులు గదప్పా. అట్ల చెప్పేదానికి అయితాదా?"

"అయితే పెద్దోళ్ళను పెట్టండి."

"మిల్లు కూలోళ్ళు పని ఇడిసిపెట్టి కార్లు ఎత్తుతారా?"

"నేను ఎత్తుతా. పిల్లోళ్ళు వద్దు. నేనొక్కన్నే సాలు."

శెట్టిగారు ఆయన ముఖం వైపు చూశారు, ఆ తర్వాత కాలి వైపు చూశారు. సరేనన్నారు. దారిలో నేను తిట్టాను. ఈ వయసులో ఆ కాలితో ఏమిటి సార్ ఇది అన్నాను. "ఒక్క పందెమన్నా పిల్లోళ్ళు లేకుండా జరగనీ టీచరమ్మా. జరుగుతాదని అందురూ చూడనీ" అన్నాడు. ఆయన ఆశ అది. చూస్తే మనుషులు నేర్చుకుంటారని ఆయనకు ఇంకా నమ్మకం ఉండేది.

ఏప్రిల్ ఎండలో సిమెంటు నేల మీద ఆయనొక్కడే నిలబడ్డాడు. పిల్లల కోసం కుట్టిన పసుపు టీషర్టు ఆయనకు పట్టలేదు, దాన్ని భుజం మీద వేసుకున్నాడు. మొదటి పందెం మర్యాదగానే సాగింది. రెండో పందెం నుంచి బల్ల మీది కుర్రాళ్ళకు కొత్త ఆట దొరికింది. ఈ మూల ఒక కారును కావాలని పడేసేవాళ్ళు. ఆయన కుంటుకుంటూ వచ్చి ఎత్తేసరికి ఆ మూల ఇంకొకటి పడేసేవాళ్ళు. షామియానా కింద పెద్దలు కూడా నవ్వారు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం. నేను లేచి నిలబడి నోటికొచ్చింది అన్నాను. కూర్చోమన్నారు.

ఈడ్చే కాలు ఆయనది. అది తగలకుండా ఎలా ఉంటుంది. ఒక కారుకు తగిలింది. పెద్దవ్వ షామియానాలోంచి, "మాస్టరూ, కాలు తగిలెనప్పా" అంది, మామూలుగానే. మోటార్లు ఆగాయి. ఇప్పుడు మాత్రం అన్నీ ఆగాయి.

తాడు అవతల జనంలో ఆరాధన ఉంది, తల్లి పక్కన. సుందరం సారు ఆ పిల్ల వైపు చూశాడు. కారును రెండు చేతులతో ఎత్తాడు. కళ్ళకద్దుకోలేదు. మెల్లగా నడిచి బల్ల దగ్గరికి వెళ్ళి, దాన్ని నడిపిన కుర్రాడి కాళ్ళ ముందు పెట్టాడు.

"నీ బండి నువ్వే ఎత్తుకో నాయనా. నడిపినోడే ఎత్తాల" అన్నాడు.

తేజేశ్వర్ తల దించుకున్నాడు.

బడి తెరిచాక సుందరం సారుకు పని లేదన్నారు. కాలు సరిగా లేని మనిషి పిల్లలకు ఆటలెలా నేర్పుతాడని శెట్టిగారి ప్రశ్న. ఇన్నేళ్ళు కనపడని కుంటి కాలు ఆ వేసవిలో కనపడింది. స్టాఫ్ రూములో ఆయన కుర్చీని కొత్త డ్రిల్లు మాస్టరుకు ఇచ్చారు. మంచి కుర్రాడు, చెప్పినట్టు వింటాడు. కొన్నాళ్ళకు నేను కూడా మానేశాను. అందులో గొప్పేమీ లేదు, కోపంతో మానేశాను.

మళ్ళీ దసరా వచ్చింది. పందెం రోజు పొద్దున సుందరం సారు మిల్లు గేటు బయట నిలబడ్డాడని తెలిసి నేనూ వెళ్ళాను. ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ఊరికే నిలబడి ఉన్నాడు, మెడలో ఈల కూడా లేదు. కొత్త డ్రిల్లు మాస్టరు పిల్లల్ని వరసగా తీసుకొచ్చాడు. అందరికీ పసుపు టీషర్టులు, నుదుటి మీద ప్లాస్టిక్ కళ్ళద్దాలు. వరసలో ముందు నడుస్తున్నవాడు ఆరాధన తమ్ముడు నెహెమ్యా. ఐదో తరగతి. సారును చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

వెనక ఏసుమణి వస్తోంది. సారు ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"వీన్ని కూడానా ఏసుమణీ?"

ఆమె ఆగింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. ఆమె ముఖంలో సిగ్గు లేదు, దుఃఖం కూడా కనపడలేదు. ఆయనకు ధైర్యం చెబుతున్నట్టు చెప్పింది.

"ఏం భయం లేదులే సార్. నెల దినాల నుంచి ఇంటికాడ నేర్పిస్తాండా. వాకిట్లో చెంబులు, చేటలు పరిచి మధ్యన ఉరికిస్తాండా. వీడు అక్క మాదిరి కాదు. దేనికీ కాలు తగలనియ్యడు."

ఆ మాట చెప్పి ఆమె పనిలోకి వెళ్ళిపోయింది. లోపల కార్లకు హారతి ఇస్తున్న గంట వినిపించింది. సుందరం సారు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. మోటార్లు మొదలయ్యాక నేను చెయ్యి పట్టుకుని పిలిస్తే వచ్చాడు. ఇల్లు చేరాక గడపలో కూర్చుని, చెప్పు విప్పి, ఆ పాదం వైపు చూసుకుంటూ, "మా నాయన కూడా అంతే టీచరమ్మా. ఆ మరుసటేడు మా తమ్మున్ని పంపె. వాడు బిరీన ఉరుకుతాడని" అన్నాడు.